గువాహటి దాకా పెరుగన్నం

ఈ పొద్దు కాఫీ కూడా తాగకముందే పాకాల నుంచి మా అత్త ఫోను చేసింది. గువాహటికి టికెట్టు తీయమంది. ఆమె విమానం ఎక్కడం ఇదే మొదలు. సెల్‌లో చూసి, దాదాపు రెండు వేల కిలోమీటర్లనీ, తిరుపతిలో పొద్దున ఎక్కి హైదరాబాదులో మారితే సాయంత్రానికి దిగవచ్చనీ, గాల్లో ఉండేది నాలుగు గంటలేననీ చెప్పాను. నా కిలోమీటర్లు ఎవరిక్కావాలి! మా అత్త దూరాన్ని కొలిచేది పెరుగన్నంతో.

మామ రైల్వేలో ఉన్నన్నాళ్ళూ పాకాలలో బండి మారే బంధువులందరికీ దారి భోజనం అత్తదే. అన్నం మెత్తగా పిసికి, కాచి చల్లార్చిన పాలు పోసి, చెంచాడు పెరుగు కలిపి డబ్బాకు ఎత్తేది. రైల్లో ఊగుతూ అదే తోడుకునేది. దిగేసరికి ఇంకా పాలన్నంగానే ఉంటే అది పక్క ఊరు. కమ్మగా తోడుకుంటే ఫరవాలేదు, పిల్లనివ్వచ్చు. పులిసిందా, అది పరాయి దేశం. కొత్త కోడల్ని, నేను చాటుగా తెగ నవ్వేదాన్ని. ఆ కొలత ఎక్కడ మొదలైందో మామ చెప్పాక నవ్వడం మానేశాను. అత్త అక్కను ఖరగ్‌పూర్‌లో ఇచ్చారు. ఒంట్లో బాగాలేదని తంతి వస్తే, బళ్ళు మారి మారి అత్తావాళ్ళు చేరేసరికి అంతా అయిపోయింది. ఆఖరి చూపు దక్కలేదు. డబ్బా తెరిస్తే అన్నం పులిసి నురగ కట్టి ఉందట.

పోయినేడు మా బావగారి కూతురికి గువాహటి ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చింది. బావగారు అమ్మ ఒప్పుకుంటేనే అని తప్పుకున్నారు. అత్త ససేమిరా అంది. పిల్ల అలిగి అన్నం మానేసింది. చివరికి అత్త ఒక మెట్టు దిగింది.

"నేను కలిపిచ్చే అన్నం ఎత్తుకోని పో. దిగినాక తెరిసి సూసి నిజం చెప్పు. పులిసింటే తిరిగొచ్చేయల్ల."

పిల్ల పొద్దున విమానానికి బయల్దేరింది. ఆ సాయంత్రం ఫోను చుట్టూ అందరం మూగాం. అబద్ధం చెప్పడం చేతకాని పిల్ల, దాని గొంతులోనే ఆశ్చర్యం.

"అవ్వా, పాలన్నమే! తోడుకోనే లేదు."

"అట్లయితే పక్కూరే. పని బాగా చెయ్యి" అంది అత్త. బావగారు తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నారు.

నేను గిన్నెలు కడుగుదామని వంటింట్లోకి పోయాను. పొద్దున అన్నం కలపడానికని తీసిపెట్టిన పెరుగు గిన్నె గట్టుమీదే ఉంది. మీగడ చెక్కుచెదరలేదు. పక్కన చెంచా పొడిగా ఉంది. ఇన్నేళ్ళలో ఒక్కనాడూ మరవని మనిషి! వెనక్కి తిరిగితే గడపలో అత్త.

"నోరు మూసుకోని గిన్నె కడుగు" అంది. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. నాకు ఆమె కాళ్ళకు మొక్కాలనిపించింది, గిన్నె కడిగాను.

ఇదిగో, ఇప్పుడు మనవరాలిని చూడటానికి తానే బయల్దేరుతోంది. టికెట్టు తీసి ఫోను చేసి, ఈసారైనా అన్నంలో పెరుగు వేస్తావా అత్తా అని అడిగాను. ఏమే, నీకు ఇంకా అదే గుర్తుందా అని తిట్టి, బాగానే వేస్తానంది. ఎప్పుడో పాకాల స్టేషన్లో అక్క కోసం రైలెక్కిన పిల్ల, ఇన్నేళ్ళకు, అన్నం కమ్మగా ఉండగానే తనవాళ్ళ దగ్గరికి చేరబోతోంది.