నాలుగో గడి

సౌదీలోని బురైదా ఖర్జూరపు తోటల ఆఫీసులో ఫారాలు నింపేది హైదరాబాదు యాకూబ్. పేరు, తండ్రి, తాత, వంశం అని నాలుగు గడులనూ పైకి చదువుతూ, ఎవరిదీ అక్షరం పొల్లుపోకుండా రాస్తాడు. తన నాలుగో గడిలో మాత్రం గీత పెట్టేవాడు. చెవి తెగిన పిల్లవాణ్ణి ఆఫ్రికా నుంచి హైదరాబాదుకు బానిసగా తెచ్చారని, తామంతా అతని సంతతేనని ఇంట్లో చెప్పుకునేవారు. పేరు ఎవరికీ తెలియదు. మూడేళ్లు, రోజూ భోజనాల వేళ, ఫోనులో బానిసల పాత రిజిస్టర్లు వెతికితే దొరికాడు: మబ్రూక్, తొమ్మిదేళ్లు, తెగిన ఎడమ చెవి, కొన్న జాగీర్దారు పేరు. తండ్రి గడి ఖాళీ.

వెంట ఉండే కుటుంబాల మీద సౌదీ సర్కారు వేసే పన్ను, లెవీ, పెరగడంతో భార్య పసిపాపతో ఊరికి వెళ్లిపోతోంది. పాప ప్రయాణపు ఫారంలో, వంశం దగ్గర, యాకూబ్ "మబ్రూక్" అని రాశాడు.

"బానిస పేరెందుకన్నా పిల్లకు?" అన్నాడు డ్రైవర్ కొమురయ్య.

యాకూబ్ సిరా ఆరేదాకా ఊదాడు. "ఆయనకు తండ్రున్నడని ఎవ్వలు రాయలే. బిడ్డున్నదని మనమన్న రాద్దాం."