యేసుపాదం మాస్టారి నాడి లెక్క

యేసుపాదం మాస్టారికి ఎవరు వందనాలు చెప్పినా ఆయన తిరిగి చెప్పరు. జోడించిన చేతుల్లో ఒకదాన్ని విడదీసి, మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించి, వాచీ చూసుకుంటూ నిలబడిపోతారు. నిమిషం నిండాక అంకె చెప్పి, ఆ తర్వాతే "ఎక్కడిదాకా?" అని అడుగుతారు. ఇంకొల్లు దగ్గర ఒక ఊళ్ళో మిషన్ బడికి ఆయన హెడ్మాస్టరు. వైద్యం చదవలేదు. చెప్పేది లెక్కలు.

1981 జూన్‌లో ఆ బడిలో టీచరుగా చేరిన దేవకుమారికి మొదటి పలకరింపే ఇది.

"అమ్మా, చెయ్యి ఇటివ్వు."

ఆమెకు ముచ్చెమటలు పట్టాయి. కూర్చున్నపాటున గుండె దడదడలాడుతూ పరుగెత్తే జబ్బు ఆమెది. గుంటూరు డాక్టరు ప్రొప్రనలాల్ బిళ్ళలు రాసిచ్చి, రోజూ వాడమన్నాడు. ఆ సంగతి బయటపడితే గుండెజబ్బు మనిషికి ఉద్యోగమెందుకంటారని ఆమె ఎవరికీ చెప్పలేదు. బిళ్ళలు కుట్టుపెట్టెలో దారపుండల కింద దాచుకుంది.

"డెబ్బై," అన్నారు మాస్టారు. పక్కనున్న ఆయా కొండమ్మ చెయ్యి కూడా పట్టుకుని, "ఎనభై నాలుగు. కాఫీ తగ్గించు," అన్నారు. అందరికీ ఇదే మర్యాద కాబోలని దేవకుమారి ఊపిరి పీల్చుకుంది.

నిజంగా అందరికీ అదే మర్యాద. బస్సు కండక్టరు సిలార్ చిల్లర కోసం చెయ్యి చాపితే చిల్లర బదులు నాడి చూసేవారు. బస్సు ఒక నిమిషం ఆగేది. "మాస్టారూ, మీవల్ల చీరాల లేటవుతోంది," అని సిలార్ మొత్తుకుంటే, "కోప్పడకు, మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టాలి," అనేవారు. మిరప కల్లంలో బుల్లయ్య చెయ్యి పట్టుకున్నప్పుడు ఆ ఘాటుకు ఇద్దరికీ తుమ్ములే తుమ్ములు. "నూటపది," అన్నారు మాస్టారు. "అందులో సగం తుమ్ములేనండీ," అన్నాడు బుల్లయ్య.

ఒకసారి బడి తనిఖీకి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. రిజిస్టర్లు తెమ్మని చెయ్యి చాపాడు. "తొంభై ఆరు. ఎండన పడి వచ్చారు, ముందు కూర్చోండి," అన్నారు మాస్టారు. ఇన్‌స్పెక్టరు కూర్చుని, మజ్జిగ తాగి, తన నిద్రలేమి గురించి గంటసేపు చెప్పుకుని, రిజిస్టర్లు చూడకుండానే సంతకం పెట్టి వెళ్ళిపోయాడు.

దాదాపు ఎనిమిదేళ్ళు గడిచాయి. బిళ్ళల పుణ్యాన దేవకుమారి ఒక్కనాడూ పాఠం మధ్యలో ఆగలేదు. 1989 ఫిబ్రవరిలో కొత్తపట్నం నుంచి పిన్ని వచ్చింది. కుట్టుపెట్టెలో సూది వెతుకుతుంటే బిళ్ళలు కనిపించాయి.

"ఎన్నాళ్ళనుంచి మింగుతున్నావే?"

"ఎనిమిదేళ్ళు."

"అన్నేళ్ళా? ఇంక నీ గుండె మొద్దుబారిపోయి ఉంటుంది. ఏదో ఒకరోజు కొట్టుకోవడం మర్చిపోతుంది."

ఆ మాట దేవకుమారిలో ముల్లులా దిగింది. సోమవారం బిళ్ళ మానేసింది. గురువారం పొద్దున బళ్ళో మాస్టారు చెయ్యి పట్టుకున్నారు. ఎప్పటికన్నా ఎక్కువసేపు పట్టుకున్నారు.

"డెబ్బై," అన్నారు అందరికీ వినిపించేలా. తర్వాత మెల్లగా, "పదకొండింటి బస్సుకు గుంటూరు వెళ్ళాలి. లెక్కల పుస్తకాలు ఎంచాలి, నువ్వూ రావాలి. మా రెబ్కా కూడా వస్తుంది," అన్నారు.

గుంటూరులో దిగాక మాస్టారూ ఆయన భార్య రెబ్కా పుస్తకాల షాపు దాటేసి, ఆమెను తిన్నగా ఆమె డాక్టరు దగ్గరికే తీసుకెళ్ళారు.

"పొద్దున నూటపద్దెనిమిది ఉందండీ," అన్నారు మాస్టారు డాక్టరుతో.

"డెబ్బై అన్నారు కదండీ," అంది దేవకుమారి.

"అందరి ముందూ ఎందుకులే అని."

"మామూలుగా ఎంత ఉంటుంది?" అడిగాడు డాక్టరు.

"ఎనిమిదేళ్ళలో అరవై రెండుకి తగ్గలేదు, డెబ్బై ఆరు దాటలేదు. ఒక్కసారి మాత్రం, మొన్న క్రిస్మస్ ముందు, యాభై నాలుగుంది. ఆ రోజంతా ఆమె క్లాసు కిటికీ దగ్గరే తిరిగాను. సాయంత్రానికి సర్దుకుంది."

డాక్టరు ఆ అంకెలన్నీ చీటీ మీద రాసుకున్నాడు. దేవకుమారిని పరీక్ష చేసి, ఇ.సి.జి. తీయించి, పిన్ని మాట విని నవ్వాడు. "ఈ మందు లోకంలో ఇరవై ఏళ్ళకు పైగా వాడుతున్నారమ్మా. గుండెను మొద్దుబార్చదు, పరుగును అదుపులో పెడుతుంది. ఉబ్బసం ఉన్నవాళ్ళకు ఇవ్వం, నీకది లేదు. కొందరికి నీరసం, చేతులు చల్లబడటం ఉంటాయి. నాడి మరీ తగ్గకుండా కనిపెట్టుకుంటూ, అప్పుడప్పుడు నాకు చూపించుకుంటూ ఉంటే ఏళ్ళతరబడి వాడుకోవచ్చు. ఉన్నట్టుండి మానడమే ప్రమాదం." బిళ్ళలు మళ్ళీ మొదలుపెట్టించి, నాడి చూసుకోవడం ఆమెకే నేర్పాడు.

వారం తర్వాత, దడ తగ్గి బడికి వచ్చిన రోజున, దేవకుమారి వరండాలో కొండమ్మను అడిగింది. "మాస్టారికి ఈ నాడి పిచ్చి ఎప్పట్నించీ?"

కొండమ్మ చీపురు పక్కన పెట్టింది. "మీరు చేరినప్పట్నించేనమ్మా. అంతకుముందు ఎవరి చెయ్యీ పట్టుకున్న మనిషి కాదు. మీరు చేరబోయే ముందు మీ అమ్మగారు వేటపాలెం నుంచి వచ్చి ఆయన దగ్గర ఏడ్చారు. రోజూ నాడి చూస్తుండాలన్నాడంట డాక్టరు, మీరేమో ఎవరికీ తెలియకూడదన్నారంట. మీ ఒక్కరి చెయ్యే పట్టుకుంటే ఊరు ఊరుకుంటుందా? అందుకని ఊరందరివీ పట్టుకున్నారు. నేను కిటికీ తుడుస్తూ విన్నాను. మాస్టారు చూసి ఎవరికీ చెప్పొద్దన్నారు, ఇన్నాళ్ళూ చెప్పలేదు."

తన ఒక్క చేతి కోసం ఆయన ఎన్ని వేల చేతులు పట్టుకున్నారో దేవకుమారి లెక్కవేయలేకపోయింది. కండక్టరు విసుగులు, మిరప తుమ్ములు, ఊరి నవ్వులు అన్నీ ఆయనే భరించారు.

మధ్యాహ్నం మాస్టారి గదిలోకి వెళ్ళి నిలబడింది. "ఇక నేనే చూసుకుంటాను మాస్టారూ. మీరు ఊళ్ళోవాళ్ళ చేతులు వదిలేయొచ్చు," అంది.

ఆయన తల గోక్కున్నారు. "వదిలేద్దామని నిన్న ప్రయత్నించానమ్మా. బుల్లయ్య ఎదురుపడ్డాడు. చెయ్యి పట్టుకోకుండా ఏం మాట్లాడాలో తోచలేదు. వాడు నాకు కోపమొచ్చిందనుకుని, ఇంటికొచ్చి చెయ్యి చాపి కూర్చున్నాడు."

దేవకుమారి కళ్ళు తుడుచుకుంటూనే నవ్వేసింది. ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని చెయ్యి బల్ల మీద పెట్టింది. రెండో చేతి వేళ్ళు తన మెడ పక్కన ఆనించుకుంది. నిమిషం గడిచింది.

"అరవై ఎనిమిది," అన్నారు మాస్టారు.

"అరవై తొమ్మిది, మాస్టారూ," అంది దేవకుమారి. "ఒకటి వదిలేశారు."

"లెక్కల మాస్టారికి చెబుతున్నావా?" అంటూ ఆయన మళ్ళీ మొదట్నించి లెక్కపెట్టడం మొదలుపెట్టారు.