బస్సులో విన్న స్పానిష్ పాట

మూడేళ్ల క్రితం షార్జా నుంచి ఖోర్ ఫక్కాన్ వెళ్లే బస్సులో నా పక్కన ఒక నెల్లూరాయన కూర్చున్నాడు. పోర్టులో వెల్డర్‌నని చెప్పాడు. కొండలు మొదలవగానే ఇయర్‌ఫోన్ ఒకటి నా చేతికిచ్చాడు.

"వినన్నా. స్పానిష్‌లో రాక్ పాటలు కొత్తగా వచ్చే రోజుల్లోదంట. ఓడ మీదొచ్చిన ఒకాయన ఇచ్చాడు."

గాయకుడు కాసేపు పాడి ఆగిపోయాడు. ఆ తర్వాత ఐదారు నిమిషాలు గిటారే. పక్కనాయన కళ్లు మూసుకున్నాడు. కాలిన మచ్చలున్న ఆయన వేళ్లు మోకాలి మీద పాటలోని ప్రతి మలుపునూ ముందే అందుకుంటున్నాయి.

"గిటార్ వాయిస్తారా?" అని అడిగాను.

"యాడన్నా! ముట్టిందే లేదు. ఆ మాటలూ అర్థం కావు. డ్యూటీ ఖలాస్ అయినాక ఇదొక్కటి వింటే చాలు నాకు."

నేను కాకినాడ చర్చిలో పన్నెండేళ్లు గిటార్ వాయించాను. వేలు తప్పు తీగ మీద పడుతుందేమోనన్న భయంతోనే పాటలన్నీ గడిచిపోయాయి. ఒక్కసారి కూడా అలా కళ్లు మూతపడలేదు. ఆయన్ని చూస్తే కడుపు మండింది.

దిగేముందు, "పాట పంపిస్తా, నంబరు చెప్పన్నా" అన్నాడు.

"వద్దులెండి, నాకంత నచ్చలేదు" అన్నాను.

"పర్లేదన్నా" అని నవ్వి దిగిపోయాడు.

ఇప్పటికీ ఆ పాట కోసం వెతుకుతూనే ఉన్నాను.