నిప్పు వంకరపోకుండా

కెనడాలోని స్లోకాన్ లోయలో మేబుల్ పెరెపెల్కిన్ తెలియనివాళ్ళు లేరు. ప్రార్థనామందిరంలో ఆడవాళ్ళ వరసలో కీర్తన ఎత్తుకునే గొంతు ఆమెదే. ముప్పై రెండేళ్ళు బడిపిల్లలకు వంట చేసింది. ఆమె చేతి బోర్ష్ట్ సూపు తాగి పెరిగినవాళ్ళు, తమ పిల్లల్ని వెంటబెట్టుకుని దుకాణంలో ఎదురైనా, "ఇవాళ ఏం వండావత్తా?" అనే అడుగుతారు. వాళ్ళది పొగా, మద్యం, మాంసం ముట్టని దుఖోబోర్ల ఇల్లు, ఎప్పుడో రష్యా నుంచి వలసొచ్చిన భక్తుల తెగ. అరవై మూడేళ్ళ వయసు వచ్చేదాకా ఆమె అగ్గిపుల్ల గీసింది పొయ్యి రాజెయ్యడానికే.

అలాంటి మనిషి గంజాయి సిగరెట్లు చుట్టడం నేర్చుకుంది. నేర్చుకుని ఊరుకోలేదు. ఆమె చుట్టినదానికి ఒకసారి నిప్పు అంటుకుంటే అది ఏ పక్కకీ వాలకుండా, అంచు చెదరకుండా చివరిదాకా దిగేది. అయితే ఎవరి కోసం నేర్చుకుందో ఆ మనిషితో ఆమెకు అంతకుముందు పదకొండేళ్ళు మాటల్లేవు.

లారియన్ ఆమెకు ఒక్కగానొక్క తమ్ముడు. ఇరవై ఏళ్ళప్పుడు కొండెక్కినవాడు అక్కడే ఉండిపోయాడు. ఒక చెక్క ఇల్లు, రెండు మేకలు, దారినపోయేవాళ్ళ కంటబడని చోట గంజాయి మడి. అప్పట్లో అది నేరం. ఒకసారి దొరికిపోయి ఎనిమిది నెలలు జైల్లో ఉన్నాడు. బయటికొచ్చి మళ్ళీ అదే పని పట్టుకున్నాడు. ఊళ్ళో ఆ పేరెత్తితే మేబుల్ మాట మార్చేసేది. తల్లి మాత్రం వాడి వాటా పిరోహీలు, కూర కూరి కాల్చినవి, గుడ్డలో మూటగట్టి, కొండ కింద ఉండే గోర్డీ చేత పైకి పంపుతూనే ఉండేది.

ఆ తల్లి ఒక అక్టోబరులో పోయింది. మందిరంలో ఆచారం ప్రకారం బల్ల మీద రొట్టె, ఉప్పు, నీళ్ళు పెట్టారు. కీర్తన సాగుతుండగా లారియన్ గడప దాటి లోపలికొచ్చాడు. వాడితోబాటే వాసన వచ్చింది. పచ్చి గంజాయి వాసన, గది నిండా. ముందు వరసలోని ముసలివాళ్ళు తలలు తిప్పి చూశారు. మేబుల్ పాట మధ్యలో ఆపేసి గుమ్మం దగ్గరికి నడిచింది.

"అమ్మ శవం దగ్గరికి కూడా తాగే వచ్చావురా? పో బయటికి!"

లారియన్ ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. తల్లి ఉన్న వైపు నడుం దాకా వంగి, లేచి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. వాడి చొక్కా వీపున చెట్టుజిగురు మరకలున్నాయి. మేబుల్ వాటిని చూసింది. చూసి కూడా ఏమీ ఆలోచించలేదు. తిరిగొచ్చి తన వరసలో నిలబడి పాట అందుకుంది.

తరవాత చట్టం మారింది. నెల్సన్ పట్నంలో గంజాయి దుకాణాలకు రంగురంగుల బోర్డులు వేలాడాయి. ఆ మరుసటి ఏడు జూన్‌లో గోర్డీ ఆమె ఇంటికి వచ్చాడు. టోపీ చేతిలో పట్టుకుని, మెట్ల మీదే నిలబడ్డాడు.

"మేబులక్కా, నువ్వు తిట్టినా సరే చెప్పిపోతాను. లారియన్ బకెట్ ఎత్తలేకపోతున్నాడు. నిన్న మేక పాలు పిండమని నన్ను పిలిచాడు. వేళ్ళు ముడుచుకోవట్లేదు."

"డాక్టరు దగ్గరికి పొమ్మను."

"పోయాడు. నరాల జబ్బట. ఒక్కొక్క కండరాన్నే చంపుకుంటూ పోతుందట. మందు లేదన్నారు."

మేబుల్ చేతిలో ఉన్న తడిగుడ్డను తలుపు మీద ఆరేసింది. అది సరిగా పడలేదని తీసి మళ్ళీ వేసింది.

"వాడి మంచం ఎంత పొడుగుంటుంది?" అని అడిగింది.

ఆ వారంలోనే లారియన్ దిగొచ్చాడు. ముందుగదిలో కిటికీ పక్కన వాడికి మంచం వేసింది. ఇద్దరూ సూపు గురించి, వాన గురించి, మేకల్ని ఎవరు తీసుకున్నారన్న దాని గురించి మాట్లాడుకున్నారు. తల్లి చావు గురించి మాత్రం ఎత్తలేదు. రాత్రుళ్ళు కాళ్ళు కొంకర్లు పోతే వాడు పళ్ళు బిగబట్టుకునేవాడు. వారానికి రెండుసార్లు వచ్చే నర్సు డెనీస్ ఒకనాడు మేబుల్‌ని వంటగదిలోకి పిలిచి అడిగింది.

"ఆయన గంజాయి ఎందుకు మానేశారు? దానితో కొంకర్లు కొంత తగ్గుతాయి. ఊపిరి బాగున్నన్నాళ్ళూ రోజుకొకటి పరవాలేదు."

"మానలేదమ్మా. నా ఇంట్లో కదా, అడగలేదు."

ఆ సాయంత్రమే ఆమె గోర్డీని కొండ మీదికి పంపి, ఎండబెట్టిన గంజాయి పూల సీసా ఒకటి తెప్పించింది. దాన్ని తెచ్చి తమ్ముడి ముందు బల్ల మీద పెట్టింది.

"చెప్పు. ఎలా చుట్టాలి?"

లారియన్ సీసా వంక, అక్క వంక మార్చి మార్చి చూశాడు. "నువ్వా? పరలోకంలో అమ్మ మూర్ఛపోతుంది."

"అమ్మ సంగతి నేను చూసుకుంటాను. నువ్వు చెప్పు."

మొదటిది ఘోరంగా వచ్చింది. మధ్యలో ఉబ్బి, చివర సన్నబడి, ఆకుపచ్చ పురుగులా ఉంది. వెలిగిస్తే ఒక పక్క కాగితం సర్రున కాలుకుంటూ పోయింది. రెండో పక్క అలాగే నిలబడింది.

"అదిగో, పడవైపోయింది" అన్నాడు లారియన్. "ఇందులో కూర్చుని ఏటి అవతలికి వెళ్ళొచ్చు."

"నోరు మూసుకుని పీల్చు."

వాడికి నవ్వొచ్చింది. ఆ నవ్వుకు వేలాడుతున్న బూడిద, అందులోని నిప్పుతో సహా, రాలి దుప్పటి మీద పడింది. తీసెయ్యడానికి చెయ్యి లేవదు. మేబుల్ అరచేత్తో కొట్టి ఆర్పింది.

అందుకే అది సమంగా కాలాలి. చేతులున్నవాడికి అదొక లెక్కలోది కాదు. ఎక్కువ కాలుతున్న పక్కను తడివేలితో అద్దుకుంటాడు, సిగరెట్టును కొంచెం తిప్పుకుంటాడు, బూడిద దులుపుకుంటాడు. లారియన్ అవేమీ చెయ్యలేడు. మేబుల్ పట్టుకుని పీల్పిస్తానంటే ఒప్పుకోలేదు. "అన్నం పెడుతున్నావు, ఒళ్ళు తుడుస్తున్నావు. ఇదొక్కటైనా నన్ను చేసుకోనీ అక్కా" అన్నాడు. గోర్డీ మందమైన తీగ ఒకటి వంచి, మంచం పక్క బల్లకు బిగించి, దాని కొసన చిన్న పట్టకారు అమర్చాడు. సిగరెట్టు అందులో ఉంటుంది, కింద సత్తుపళ్ళెం ఉంటుంది. లారియన్ కావాలన్నప్పుడు మొహం తిప్పి పీల్చుకుంటాడు, చాలన్నప్పుడు మొహం తిప్పేసుకుంటాడు. ఎవరితోనూ పనిలేదు. నిప్పు సరిగా నడిస్తే చాలు.

వేసవంతా మేబుల్‌కి అదే పాఠం. వాడు మంచం మీంచి చెప్పేవాడు, ఆమె వంటబల్ల దగ్గర చేసేది.

"కాడ విరువు. ఏమంది?"

"ఏమీ అనలేదు. వంగింది."

"అయితే ఇంకా పచ్చి ఉంది. మూత తీసి ఓ పూట ఆరనీ. టప్‌మని చిన్నగా విరగాలి. పొడిపొడి అయిపోయిందా, గడ్డిలా భగ్గున మండుతుంది."

ఇంకోరోజు, "ఇదేమిటే, పిండి చేశావు? గాలెక్కడ ఆడుతుంది? ముతక గోధుమరవ్వలా ఉండాలి, అంతా ఒక్క తీరుగా."

ఆమె రవ్వజల్లెడ తెచ్చి జల్లించింది. పుల్లలు ఏరింది. ఎంత సన్న పుల్లయినా సరే, దాని పక్కన సందు పడుతుంది, ఆ సందులోంచి నిప్పు ముందుకు ఉరుకుతుంది. అట్టముక్క చుట్టి పీక చేసి, దాని చుట్టూ కాగితం గరాటులా తిప్పి, చిటికెడు చిటికెడు పోసి, బల్ల మీద తడుతూ నింపింది. పుల్లతో కూరితే ఒకచోట గట్టిపడుతుంది, ఇంకోచోట డొల్ల అవుతుంది. తట్టడమే మేలని ఆమె చేతికి దానంతట అదే తెలిసింది. చుట్టినవాటిని వెంటనే ఇవ్వకుండా సీసాలో ఒకరోజు ఉంచితే పైనా లోపలా తేమ ఒక్కటవుతుందని కూడా ఆమే కనిపెట్టింది. లారియన్‌కే అది కొత్త.

"ముప్పై ఏళ్ళు చేశాను, నాకు తట్టలేదు. ఎక్కడ నేర్చావు?"

"రొట్టెపిండి నాననివ్వకుండా కాలుస్తామట్రా?"

వెలిగించడమూ ఒక పనే. మంటను ఆనించకూడదు. కొంచెం ఎడంగా పట్టి, కొసను తిప్పుతూ, చుట్టూ ఎర్రని ఉంగరం పడేదాకా ఆగాలి. ఆ తరవాతే పీల్చాలి. కిటికీ సందులోంచి వచ్చే గాలి కూడా పాడుచేస్తుందని గ్రహించి, ఆమె పాత కంబళి చింపి ఆ సందులో కుక్కింది.

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం ఆమె గిన్నెలతొట్టి దగ్గర చేతులు రుద్దుకుంటోంది. సబ్బు రాసి కడిగి వాసన చూసుకుంది. మళ్ళీ రాసింది.

"పోదు" అన్నాడు లారియన్ ముందుగదిలోంచి. "మూడుసార్లు కడిగినా పోదు. తాగక్కర్లేదు, ముట్టుకుంటే చాలు. కోతల రోజుల్లోనైతే చర్మంలోకే దిగిపోతుంది. బట్టలు కాల్చేసుకోవాల్సిందే."

మేబుల్ కుళాయి కట్టేసింది. అక్టోబరు. కోతలు. వీపు మీద జిగురు మరకలు.

ఆమె చేతులు తుడుచుకోకుండానే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఆ రోజు నువ్వు..."

"తాగలేదక్కా." వాడు కిటికీ వైపే చూస్తున్నాడు. "మూడు రోజులుగా కోస్తున్నాను. అమ్మ పోయిందని గోర్డీ వచ్చి చెప్తే కత్తి పారేసి, అలాగే దిగొచ్చాను. మార్చుకోవడానికి వేరే చొక్కా ఉన్నట్టు కూడా తోచలేదు."

"మరి అప్పుడే ఆ మాట ఎందుకు చెప్పలేదురా?"

"అడిగావా?"

వాడి గొంతులో కోపం లేదు. కాస్త కోపం ఉన్నా ఆమె తట్టుకునేది. మంచం అంచున కూర్చుని వాడి చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. అది తడిసిన గుడ్డలా బరువుగా ఉంది. క్షమించమని చెప్పాలనుకుంది. చిన్నప్పటినుంచీ ప్రతి ఆదివారం మందిరంలో పదిమంది ముందు తల వంచినదానికి ఆ ఒక్క మాట నోటికి రాలేదు. లారియనే అన్నాడు.

"ఏడవకే. చేతుల తడి నా మీద కారుతోంది."

ఆ తరవాత ఆమె చుట్టినవి ఒక్కటీ వంకరపోలేదు. కానీ వాటిని పీల్చేవాడి ఊపిరి తరిగిపోతోంది. నవంబరు చివర డాక్టరు పొగ పూర్తిగా మానమన్నాడు. డెనీస్ నాలుక కింద వేసే నూనెచుక్కలు తెచ్చింది. కొంకర్లకు అవి బాగానే పనిచేశాయి. లారియన్ మాట ముద్దయిపోయి, క్రిస్‌మస్ నాటికి పూర్తిగా పోయింది. అవునంటే రెండుసార్లు కళ్ళు మూసేవాడు, కాదంటే ఒకసారి. మేబుల్ ఒక అట్ట మీద అక్షరాలు రాసి, ఒక్కొక్కదాన్నే వేలితో చూపిస్తూ వాడి మాటలు కూడబలుక్కునేది.

జనవరిలో ఒక పొద్దున వాడు అలా మూడు మాటలు కట్టాడు. వెలిగించు. బయట. చూస్తాను.

మేబుల్‌కి అర్థమైంది. తీగను ఊడదీసి, కిటికీ అవతల వరండా బల్లకు బిగించింది. గాలి లేదు. మంచు కురవడం ఆగి, కొండలన్నీ తెల్లగా, కదలకుండా ఉన్నాయి. సీసాలోంచి ఒకటి తీసి, అద్దానికి అవతల వాడి కళ్ళు ఉన్న ఎత్తులో పెట్టి, తిప్పితిప్పి వెలిగించింది. పీల్చేవాళ్ళు లేకపోతే అది ఆరిపోతుందేమోనని భయపడింది. ఆరలేదు. ఆమె లోపలికొచ్చి శాలువా కూడా తియ్యకుండా వాడి పక్కన కూర్చుంది.

ఎర్రని ఉంగరం నెమ్మదిగా వెనక్కి జరిగింది. బూడిద తెల్లగా, నిటారుగా, సిగరెట్టు ఆకారంలోనే నిలబడి ఉంది. మధ్యలో ఒకసారి కింది పక్క కొంచెం ముందుకు పోయినట్టు కనిపించింది. మేబుల్ కుర్చీలోంచి సగం లేచింది. పై పక్క అందుకుంది. ఆమె మళ్ళీ కూర్చుంది. పావుగంటకు పైగా పట్టింది. ఇద్దరూ పొయ్యి మీద పాలు పొంగేదాకా కాపలా కాసే పిల్లల్లా చూశారు. నిప్పు పీక దాకా వచ్చి, అట్ట దగ్గర ఆగి, ఆరిపోయింది.

"బాగుందా?" అని అడిగింది.

రెండుసార్లు కళ్ళు మూశాడు. కాసేపాగి ఇంకో రెండుసార్లు.

అప్పుడు ఆమెకు ఆ మాట నోటికొచ్చింది. "నన్ను క్షమించురా. ఆ రోజు అడగకుండా వెళ్ళగొట్టాను."

లారియన్ చాలాసేపు ఆమెను చూశాడు. తరవాత కళ్ళు మూశాడు. ఒకసారా, రెండుసార్లా అని ఆమె వేచి చూసింది. ఆ కళ్ళు మళ్ళీ తెరుచుకోలేదు. నిద్రపట్టేసింది. చూసి చూసి అలిసిపోయాడు. ఆమె లేపలేదు. మర్నాడు జ్వరం వచ్చింది. మూడో రోజు మధ్యాహ్నం పోయాడు. మళ్ళీ అడిగే వీలు ఆమెకు చిక్కలేదు.

మందిరంలో ఆమె వాడి కోసం కీర్తన ఎత్తుకోబోతే గొంతు రాలేదు. పక్కన నిలబడ్డ ఫ్లోరెన్స్ అందుకుని నడిపింది. పోయిన ఆరువారాలకు చేసే ప్రార్థనలో మాత్రం మేబులే పాడింది.

ఏప్రిల్లో గోర్డీ ఆమె సంగతి నెల్సన్‌లో సిగరెట్లు చుట్టి అమ్మే ఒక చిన్న కార్ఖానాలో చెప్పాడు. వాళ్ళ యంత్రం ఒక్కసారికి వంద నింపుతుంది, వాటిలో ముప్పై వంకరగా కాలుతున్నాయి. ఇప్పుడు మంగళ, గురువారాలు మేబుల్ బస్సులో అక్కడికి వెళ్తుంది. గాలి ఆడని ఒక గదిలో ప్రతి రకంలోంచి మూడేసి వెలిగించి పరీక్ష చూస్తుంది. ఏది పచ్చి, ఏది మరీ మెత్తగా విసిరారు, ఎక్కడ డొల్ల పడింది, అన్నీ చెప్తుంది. కొత్తగా చేరిన ఒకమ్మాయి అడిగింది.

"మీరు రోజూ ఎన్ని తాగుతారు ఆంటీ?"

"ఒక్కటీ తాగలేదమ్మా, పుట్టి బుద్ధెరిగి."

ఆ అమ్మాయి నమ్మలేదు. వెళ్ళి అందరికీ చెప్పి నవ్వింది.

వంకరగా కాలే సరుకు వచ్చిన రోజు మేబుల్‌కి పొద్దు గడిచిపోతుంది. విప్పాలి, జల్లించాలి, యంత్రం దగ్గరికెళ్ళి కుర్రాళ్ళను కేకలెయ్యాలి. సరుకు బాగున్న రోజునే కష్టం. మూడూ వెలిగించాక ఇక చెయ్యడానికేమీ ఉండదు. ఆరిపోయేదాకా ఎదురుగా కూర్చుని చూస్తూ ఉండాలి. అలాంటప్పుడు ఆ గదిలోకి ఎవరూ పోరు. తలుపు తీస్తే గాలి వస్తుందని అంటారు.