ఫ్యూజు చోట చుట్టిన రాగి పోగులు

ఆరేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. ఎవరైనా నన్ను మెచ్చుకుంటే అది ఇంకొంచెం పెరుగుతుంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మా మేనమామ కారు తగలబడింది నా వల్ల. ఆయన బీడీ వల్లనని అందరూ నమ్మారు. ఆయన కూడా.

మాది ముంబై దగ్గర మరమగ్గాల ఊరు భివండి, శాంతి నగర్. నేను ఎలక్ట్రికల్ డిప్లొమా చదివాను. ఆ యేడు సద్దుల బతుకమ్మకు వరాలా తలావ్ చెరువు దగ్గర పాటలు పెట్టాలని, మామ కొన్న పాత కారులో ఆంప్లిఫయరు, డిక్కీలో రెండు సబ్‌వూఫర్లు బిగించాను. చేసింది వరుసగా చెప్తాను, నాకు అలా చెప్పడమే వచ్చు. గ్రౌండు తీగ కోసం రంగు గీకి, ఇనుము మెరిసేదాకా రుద్ది బోల్టు వేశాను. బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టాను. ఇంతవరకు సరే. బ్యాటరీ తీగ ఇంజను వెనక రేకులోని రంధ్రం గుండా లోపలికి వస్తుంది. రేకు అంచు తీగను కోయకుండా అక్కడ రబ్బరు వలయం తొడగాలి. తొడగలేదు. రేపు చూద్దామనుకున్నాను.

సాయంత్రం ఫ్యూజు పోయింది. ఇంకొకటి వేస్తే అదీ పోయింది. ఎందుకు పోతోందో చూడాలి కదా? నేను చదివిందే అందుకు కదా? అప్పటికే ఆడవాళ్లు బతుకమ్మలు ఎత్తుకొని బయలుదేరారు. మా కార్ఖానాల్లో ఫ్యూజు పోతే ఎవరూ కారణం వెతకరు, మగ్గం ఆగకూడదని దాని చోట రాగి పోగులు చుట్టేస్తారు. చిన్నప్పటి నుంచి చూసిన పని. నేనూ చుట్టాను.

పాట మొదలైన కాసేపటికే పొగ వచ్చింది. తీగ పొడవునా కార్పెట్ అంటుకుంది. "నీ డబ్బా కాలుతదిరా" అంటూ, అప్పటిదాకా ముందు సీట్లో బీడీ తాగుతున్న మామ దిగి డిక్కీ తెరిచి, మండుతున్న సబ్‌వూఫర్ డబ్బాను రెండు చేతులతో బయటికి లాగాడు.

మర్నాడు పొద్దున ముందు కారు దగ్గరికి వెళ్లాను. రంధ్రం దగ్గర కరిగి ముద్దయిన తీగను, ఫ్యూజు డబ్బీని కత్తిరించి తలావ్‌లో పారేశాను. ఆ తర్వాతే ఆసుపత్రికి వెళ్లాను. ఈ వరుసను నేను మార్చలేను.

మామ రెండు చేతులకూ కట్లు. అత్త మొహం తిప్పుకొని కూర్చుంది.

"కార్ల బీడీ తాగకుమని ఎన్నిసార్లు చెప్పిన? ఇంటడా? సాబ్ లెక్క సీటుకు ఒరిగి పొగ ఇడుసుడు."

"జెర ఊకోవే," అని మామ నా వైపు చూశాడు. "నువ్వు సదువుకున్నోనివి. చెప్పరా అల్లుడా, నా బీడేనా?"

"అయ్యుంటది మామా," అన్నాను.

"గట్లనే అనుకున్న. పోనీ, నీ పనికి మాట రాలే."

మామ అచ్చు అతికేవాడు. మగ్గం మీద అయిపోయిన పోగుల చివరలకు కొత్త పోగులను వేళ్లతో ఒక్కొక్కటిగా మెలిపెట్టి కలిపే పని అది. వేల పోగులు. ఇప్పుడు ఆ వేళ్లకు పోగు తగిలినా తెలియదు. నాగావ్‌లో ఒక కార్ఖానా గేటు దగ్గర కాపలా కూర్చుంటాడు. ఎవరైనా బీడీ ముట్టిస్తే తన చేతులు చూపించి బుద్ధి చెప్తాడు. నేను పక్కనుంటే, "మా అల్లున్ని అడుగుండ్రి" అంటాడు. నేను తలూపుతాను. ప్రతిసారీ.

భయమా? భయం మొదటి యేడాదే పోయింది. చెప్తే ఆయన క్షమిస్తాడు, "నువ్వు కావాలని చేసినవా" అని నన్నే ఓదారుస్తాడు, ఆ ఓదార్పు తీసుకునే మొహం నాకు లేదని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అదీ ఒక సాకేనేమో.

ఇది రాసినంత మాత్రాన ఆయన వేళ్లకు స్పర్శ తిరిగి రాదు. రేపైనా ఆయనకు చెప్తానో లేదో తెలియదు. నేనే తగలబెట్టాను, నేనే అబద్ధమాడాను. ఈ రెండు మాటలు ఆరేళ్లలో మొదటిసారి నాలోంచి బయటికి వచ్చాయి. అంతే.