సీసా మీది మాట

యాభై ఏళ్లకు పైగా ఒక్క మాట నా నాలుక మీద బరువుగా ఉంది. పూర్తి అబద్ధమైతే ఎప్పుడో ఒప్పేసుకునేదాన్ని. అందులో సగం నిజం ఉండడమే చిక్కు.

అరవైల చివర నెల్లిమర్లలో ఉండేవాళ్లం. నేను బడిలో టీచర్ని. రోజూ డైరీ రాసే అలవాటు అప్పటికే ఉంది. కొత్తగా కాపురానికొచ్చిన నా తోటికోడలు పార్వతి, విశాఖపట్నం నుంచి ఒక చిన్న వెనిల్లా ఎసెన్స్ సీసా తెచ్చుకుంది. మైదా, నెయ్యి, ముదురు బెల్లం కలిపి అందులో నాలుగు చుక్కలు వేసి, గిన్నె మూత మీద నిప్పులు పోసి కాల్చి, చల్లారాక పలకలుగా కోసేది. ఆ వాసనకు ఊళ్లోని జూట్ మిల్లు నుంచి వచ్చిన మా మగవాళ్లు కాళ్లు కడుక్కోకుండానే వంటింట్లోకి తొంగిచూసేవారు. ఎనిమిదేళ్లుగా నా బూరెలు మెచ్చుకున్న అత్త, నా ఎదుటే, "దీని సేతిలో ఏటో ఉన్నాదే" అంది. నా భర్త రెండో పలక అడిగాడు. నా బూరె ఎన్నడైనా రెండోది అడిగాడా?

ఓ రోజు అత్త ఆ సీసా మూత తీసి వాసన చూసింది. ఘాటు తగిలింది. ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగింది నేనొక్కదాన్నే.

"సదువుకున్నదానివి. ఏటి రాసున్నాదో సూడే."

చూశాను. ఆల్కహాల్ అని ఉంది. మా పిల్లల దగ్గుమందు సీసా మీదా అదే మాట ఉండేది. నాలుగు చుక్కలు పొయ్యి సెగకు ఆవిరైపోతాయనీ తెలుసు. మామగారు తాగి తాగి పోయిన ఇల్లది. అదీ తెలుసు.

"సారా" అన్నాను.

అత్త సీసాను పెరట్లో రాయికేసి కొట్టింది. పార్వతి గుమ్మం పట్టుకుని, "నాకు తెలీదప్పా" అంది, అత్తతో కాదు, అక్క వరసైన నాతో. ఆమె మళ్లీ ఆ ఇంట్లో తీపి వండలేదు. ఆనాటి డైరీలో ఇంతే రాశాను: "వాన లేదు. పెరడంతా మంచి వాసన."

అక్కడితో ఆగినా బాగుండేది. పార్వతి బతికినన్నాళ్లూ చుట్టాల ముందు చెప్పేది: "మా అప్ప సదివి సెప్పబట్టి సరిపోయింది గానీ, ఇంటిల్లిపాదికీ సారా తినిపించేద్దును." నవ్వుతూ నా చెయ్యి పట్టుకునేది. పట్టుకోనిచ్చాను. భయమా? కాదు. ఆమె చేతి పలక మళ్లీ ఎవరూ తినకపోవడం, అన్నేళ్ల తర్వాత కూడా, నాకు హాయిగానే ఉండేది. ఇది ఇంతవరకు డైరీకి కూడా చెప్పలేదు.

నిరుడు ఆమె పోయింది. పన్నెండో రోజు భోజనాలకు బూరెలు నేనే దగ్గరుండి వేయించాను. బాగున్నాయన్నారు.

అది సారా కాదు, పార్వతీ. ఈ మాట అనడానికి నువ్వు వినలేని రోజు దాకా ఆగాను. అయినా అన్నాను.