బోటి కడుగుతుండగా బోరు పోయింది

మా అన్నకు మూడో కొడుకు పుట్టినప్పుడు, బాపు అలియాబాద్‌లోని మా గల్లీ మొత్తాన్ని తొట్టెల దావత్‌కు పిలిచాడు. మా దగ్గర పిలుపు రెండు రకాలు: ఇంటికొకరు రావడం, ఇంటిల్లిపాదీ రావడం. బాపు పాత అలవాటు కొద్దీ రెండో పిలుపే పిలిచాడు. పెంకుటిళ్లు పోయి మూడంతస్తులు లేచాయనీ, అంతస్తుకు రెండు కిరాయి కుటుంబాలున్నాయనీ పిలిచి వచ్చాక గుర్తొచ్చింది. పిలిచినవాళ్లను రావద్దనలేక, కోయించే యాటపోతుల లెక్క పెంచాడు.

"మర్యాద తక్కువైతే గీ గల్లీల తలెత్తుకొని తిరుగలేను" అన్నాడు. ఆ రోజు తల గురించి దిగులు పడాల్సింది నిజానికి యాటలు.

పొద్దున్నే యాటల పేగులూ పొట్టలూ, అదే బోటి, కడగడం మొదలైంది. వాసన పోయేదాకా నీళ్లు ఆపరు, ఎన్ని నీళ్లు పోసినా వాసన పోదు. సగంలో బోరు రెండుసార్లు దగ్గి, గాలి వదిలి ఊరుకుంది.

బాపు మోటరును తిట్టి, కరెంటును తిట్టి, చివరికి దేశాన్ని అందుకున్నాడు. "జనం మస్తు పెరిగిన్రు. నీళ్లు యాడికెళ్లి వస్తయ్?"

మునిమనవణ్ని ఒళ్లో పెట్టుకున్న అవ్వ తలెత్తకుండానే అంది. "అవు బిడ్డా. గీ పోరనికి జెప్పు, వచ్చిన తొవ్వనే వాపస్ పొమ్మని."

"నువ్వు ఏడుగుర్ని కన్నవ్ గదనే."

"గప్పుడు పండుగకే యాటను కోసేటోళ్లు. మీకు ఐతారమైతే సాలు, పండుగనే."

నేను నీళ్ల టాంకరాయనకు ఫోన్ చేశాను. "ఇయ్యాల అన్ని దిక్కుల దావత్‌లే అన్నా, పొద్దుగూకినంకనే" అన్నాడు. చివరికి దుకాణం నుంచి నీళ్ల ప్యాకెట్లు బస్తాల్లో తెచ్చి, చింపి, బోటి కడిగాం. అంత శుద్ధమైన నీళ్లు తొట్టెలలోని పిల్లవాడి స్నానానికి కూడా దొరకలేదు.

కూర అందరికీ సరిపోయింది. చేతులకే నీళ్లు చాల్లేదు. కాగితాలతో తుడుచుకుంటూ వెళ్తున్న ఇద్దరి మాట బాపు చెవిన పడింది: "ముక్కలు మంచిగ వేసిన్రు గని, చెయ్యి గడుగనీకి సుక్క నీళ్లు లేవు గా ఇంట్ల."

ఆ రాత్రి ఆయన తినలేదు. తెల్లారేసరికి వాకిట్లో కొత్త బోరు వేసే బండి ఉంది. "పక్కింటోళ్ల దానికంటె లోతుకు కొట్టు" అన్నాడు. నీళ్లు రాలేదు, గల్లీ నిండా తెల్లటి దుమ్ము లేచింది. అవ్వ పిల్లవాడి ముఖం మీద కొంగు కప్పింది.

"ఇంక కొట్టు" అన్నాడు బాపు.

పక్కింటాయన ముక్కుకు దస్తీ అడ్డం పెట్టుకుని వచ్చాడు. "ఎంత లోతుకు పోయింది అన్నా? ఐపోయినంక గా బండిని మా దిక్కు తోలు."